మా పోరన్ని బ్యాక్‌ల పెట్టిండని అప్పుడు రెండు స్టార్లు ఇచ్చిన, ఇప్పుడు మారుస్తున్న

ముందుగాల ఒక మాట చెప్పాలె. ఇదే ఫుట్‌బాల్ కోచింగ్‌కు ఆరు నెలల కింద నేను రెండు స్టార్లు ఇచ్చిన, ఊకె ఇయ్యలే, కోపంల నాలుగు లైన్లు గట్టిగ రాసిన, "నెలకు రెండు వేలు తీసుకొని మా పోరన్ని ఎనక నిలబెడుతున్నరు, బాల్ అటు పోతే వీడు చూసుకుంట ఉంటడు, గిదేం కోచింగ్" అని. అది రాసింది నేనే, తీసేసింది కూడ నేనే. ఇప్పుడు మళ్ళ మొదటినుంచి రాస్తున్న, జర పొడుగైతది, ఓపిక లేనోళ్ళు కిందికి పోతే లైట్ల గురించి, ఫీజు గురించి ఉంటది చూసుకోండ్రి.

జాగ పేరు రాస్తలేను. ఎందుకంటే టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్) ఓనర్‌ను కొంచెం తిట్టేది ఉన్నది, సారు సొంత ముచ్చట కూడ రాస్త, ఆయనకేమో పేరు బయట పడుడు ఇష్టం లేదు. హన్మకొండల అడుగుతే ఎవలన్న చెప్తరు, మోకాలికి బ్లాక్ క్యాప్ ఏసుకొని కుంటుకుంట విజిల్ ఊదే సారు అంటే చాలు.

నాది ఏనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణం. మిర్చి, పత్తి. ఫుట్‌బాల్ గురించి నాకు తెల్సింది సున్న, నిజం చెప్తున్న, మా చిన్నప్పుడు అంతా క్రికెట్టే, టెన్నిస్ బాల్‌కు టేప్ సుట్టి ఆడుడే. మా పోరడు మాత్రం ఐదో తరగతి నుంచి మెస్సీ మెస్సీ అని ప్రాణం తింటున్నడు, అర్జెంటీనా జెర్సీ ఎనక 10 నంబర్, అదేసుకొనే పంటడు, అదేసుకొనే లేస్తడు. ఇంతకు ముందు ఒక దగ్గర చేర్పిచ్చినం, ఏడాది ఫీజు ఒకటేసారి కట్టిచ్చుకున్నరు, దసరా సెలవులు అయిపొయ్యి పోతే గేటుకు తాళం. ఫోన్ ఎత్తరు. గందుకే ఈ జాగ గురించి తెల్సినప్పుడు మొదలు అడిగిందే ఫీజు నెలనెలా తీసుకుంటరా అని. తీసుకుంటరు. నెలకు రెండు వేలు, వారంల ఐదు దినాలు, పొద్దుగాల ఐదున్నర నుంచి ఏడు దాక ఒక బ్యాచ్, సాయంత్రం ఐదింటికి ఒక బ్యాచ్, శనివారం మ్యాచ్.

మొదటి నెల మంచిగనే నడిచింది. రెండో నెల శనివారం మ్యాచ్‌కు మా ఇంటామెను, మా అమ్మను తీస్కపోయిన, మనుమడు గోల్ కొడుతుంటే చూస్త అని మా అమ్మ ఒకటే ఉషారు. పోతే ఏముంది, వీన్ని బ్యాక్‌ల పెట్టిండ్రు, అంటే ఎనక ఉండి గోల్ కాకుంట ఆపేటోడు, మా గోల్ పోస్టు కాడ ఎడమ దిక్కు నిలబడ్డడు. నలభై నిమిషాల మ్యాచ్‌ల ఏడెనిమిది సార్లు బాల్ కాలుకు తాకింది అంతే, తాకినప్పుడల్లా పక్కోనికి ఇచ్చుడే. మా అమ్మ మధ్యలనే "వీన్ని కావలి పెట్టిండ్రా ఏంది బిడ్డా" అన్నది. పక్కన కూసున్న పేరెంట్స్ నవ్విండ్రు. నాకు తల తీసేసినట్టయింది.

మ్యాచ్ అయినంక సారు దగ్గరికి పోయిన, లొల్లికే పోయిన. "సారూ, మావోడు ఫార్వర్డ్, ముందట ఉండి గోల్స్ కొట్టేటోడు. ఇంటికాడ చూడండ్రి ఎట్ల కొడుతడో." ఆయన విజిల్ తాడు చేతికి సుట్టుకుంట విన్నడు, "అన్నా, ఈడ పద్దెనిమిది మంది పిల్లలున్నరు, పద్దెనిమిది మంది తండ్రులూ ఇదే మాటంటరు, ఒక్క తండ్రి అన్న మావోన్ని బ్యాక్‌ల ఆడించు అంటే ఆయన ఫీజు మాఫ్ చేస్త" అన్నడు. నేను నవ్వలే. ఇంటికొచ్చి రాసిన ఆ రెండు స్టార్ల రివ్యూ.

తర్వాత పట్టు పట్టి యూట్యూబ్‌ల, అక్కడ ఇక్కడ చదువుడు మొదలు పెట్టిన, సారును ఓడగొట్టాలె కద. ఒక మంచి ముచ్చట దొరికింది. 1962ల జకార్తాల ఏషియన్ గేమ్స్, ఇండియా టీమ్ కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఆ టీమ్‌ల జర్నైల్ సింగ్ అని పంజాబ్ ఆయన స్టాపర్, అంటే ఎనక నడుమ ఆడే బ్యాక్, మధ్యల తలకు దెబ్బ తాకి కుట్లు పడ్డయి. రహీం సాబ్ ఏం చేసిండంటే ఆయన్ను ఎనకకెళ్ళి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గ దింపిండు, తలకు కట్టుతోనే. సెమీస్‌ల దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టిండు, ఫైనల్ల దక్షిణ కొరియా మీద మొదటి గోల్ పీకే బెనర్జీది, రెండోది ఈయనది, 2-1 తోని గోల్డ్ మెడల్. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ల మనకు ఆ తర్వాత మళ్ళ గోల్డ్ రాలే. నాకైతే మస్తు సంబురమైంది, తెల్లారే పోయి సారుకు చెప్పిన, చూడు సారూ మన హైదరాబాద్ కోచే బ్యాక్ ఆడేటోన్ని ముందట పెడితే మెడల్ వచ్చింది అని.

సారు మొత్తం విన్నడు. "మీవోనికి తలకు కుట్లు పడ్డ రోజు ఫోన్ చెయ్యన్నా, ఫార్వర్డ్‌ల పెడుత" అన్నడు. ఇగ ఏమనాలె. తర్వాత ఆయనే చెప్పిండు, జర్నైల్ సింగ్ జకార్తా అయినంక మళ్ళ స్టాపర్‌కే వచ్చిండు, ఇండియాకు కెప్టెన్ అయ్యిండు, ఏషియన్ ఆల్ స్టార్స్ టీమ్‌కు కెప్టెన్ అయ్యిండు, 1964ల అర్జున అవార్డు, అన్నీ ఎనక నిలబడే. "ఆ రెండు మ్యాచ్‌లకే ముందటికి పోయిండు, నువ్వు అదొక్కటే చదివినవు." రహీం సాబ్ గురించి కూడ ఆయన నోటి నుంచే మొదటిసారి విన్న, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదు సార్లు బొంబాయిల రోవర్స్ కప్పు కొట్టింది ఆయన కోచింగ్‌లనే అంట, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియా నాలుగో ప్లేస్ కూడ ఆయనదే. 1963ల క్యాన్సర్‌తోని పోయిండు. మన పిల్లలకు ఎవలన్న చెప్తున్నరా ఇవన్ని? నాకే నలభై ఒకటో ఏట తెల్సింది.

ఇగ అసలు కోచింగ్ ముచ్చట. నేను దినాం పొద్దున పోరన్ని దించి మార్కెట్‌కు పోయేటోన్ని, ఆ లొల్లి అయినంక సారు "రెండు వారాలు ఆగి చూసి తిట్టన్నా" అన్నడు. సీజన్ కాదు, మార్కెట్ల మాల్ తక్కువ, ఆగి చూసిన.

ఈయన నేర్పే పద్ధతి నేను ఏడ చూడలే. మొదటి పదిహేను నిమిషాలు బాల్ ఇయ్యడు. పిల్లలను ఇద్దరిద్దరిని ఎదురుబొదురు నిలబెడుతడు, ఒకడు ఉరుకుతడు, ఇంకోడు ఎనకకు నడుస్తడు. ఎదురుగ నిటారుగ నిలబడితే విజిల్. పక్కకు తిరిగి, మోకాళ్ళు వంచి, ఒక కాలు ముందు ఒక కాలు ఎనక, గట్ల నిలబడాలె. ఎందుకు అంటే ఎదురుగ నిలబడ్డోని రెండు కాళ్ళ నడుమకెళ్ళి బాల్ పోతది, ఇంకోటి, మలుగుడుకు టైం పడుతది, పక్కకు తిరిగి నిలబడితే ఎటు పొమ్మంటే అటే పోతడు ఎదుటోడు, అంటే వాన్ని మనమే సైడ్ లైన్ దిక్కు తోలుతం, గోల్ పోస్టు దిక్కు రానియ్యం. "కాళ్ళను చూడకు, బాల్‌ను చూడు. వాని కాళ్ళు అబద్ధం చెప్తయి." ఈ మాట దినానికి ముప్పై సార్లన్న అంటడు.

చేతులల్ల ఒక్కొక్క బిబ్ (టీమ్ గుర్తుకు అంగీ మీద ఏసుకునే పల్చటి బనీను) పట్టుకోమంటడు, ముద్దలెక్క సుట్టి. ఎదుటోని అంగీ పట్టి గుంజకుంట. బిబ్ కింద పడితే పది గుంజీలు. మావోడు మొదటి వారం ఆడుడు కంటే గుంజీలు తీసుడే ఎక్కువ.

ఇంకోటి తాడు. ఒకరోజు సారు నన్ను పిలిచి "అన్నా నీకు మార్కెట్ల సుతిలి దొరుకుతది కద, బస్తాలు కుట్టేది కాదు, జర లావుది, కట్టలు కట్టేది, ఇరవై గజాలు తేవా" అన్నడు. ఎందుకో అనుకొని తెచ్చిన. నలుగురు బ్యాక్‌లను నడుములకు కట్టి వరుసగ నిలబెట్టిండు, మనిషికి మనిషికి ఐదారు గజాల ఎడం. ఒకడు ముందటికి పోతే నలుగురూ పోవాలె, ఎనకకు వస్తే నలుగురూ రావాలె, లేకుంటే తాడు గుంజుకుంటది, ఒకడు పడుతడు. ఆఫ్‌సైడ్ అంటే ఏందో నాకు ఆ సుతిలితోనే సమజైంది. ఎదుటి టీమోడు తనోనికి బాల్ కొట్టే టైంకు, అందుకునేటోడు మన నలుగురి గీత దాటి మన గోల్ దిక్కు ఉన్నడా అని చూస్తరు, ఉంటే ఆఫ్‌సైడ్, వాళ్ళ ఆట చెల్లదు, అంటే ఈ నలుగుట్ల ఒక్కడు నిద్ర పోయి ఎనక మిగిలిండనుకో, వాడు ఒక్కడే అందరిని ముంచుతడు, ఎదుటోడు వాని దాక ముందటికి వచ్చినా ఆఫ్‌సైడ్ కాదు. మూడో రోజు తాడు ఇప్పేసి చూస్తే పిల్లలు తాడు ఉన్నట్టే నడుస్తున్నరు. మా అమ్మకు ఇంటికొచ్చి చెప్పిన, కోడెలను గుంటుకకు కట్టినట్టు కడుతున్నడు అని.

అరుసుడు కూడ నేర్పుతడు. బ్యాక్ ఆడేటోడు నోరు మూసుకొని ఉండొద్దంట. "వదిలిపెట్టు", "ఎనక ఉన్నడు", "నాది", "లైన్ ముందటికి", గివే నాలుగైదు మాటలు, గొంతు చించుకొని. మావోడు ఇంట్ల మాట్లాడని పోరడు, చుట్టాలొస్తే అర్రల దాగేటోడు. ఇప్పుడు సందుల పోరలు ఆడుతుంటే వీని గొంతు నాలుగిండ్ల అవతలికి వినపడుతున్నది. ఈ ఒక్కదానికే రెండు వేలు ఇయ్యొచ్చు.

చూసుకుంట చూసుకుంట ఒకరోజు నాకు మా దడువాయి యాదికొచ్చిండు. మార్కెట్ తెల్సినోళ్ళకు సమజైతది. జెండా పాట, అంటే మార్కెట్ల పొద్దుగాల మొదటి వేలం, మంచిగ పలికిందంటే పేపర్ల రైతు ఫోటో వస్తది, క్వింటాలుకు ఇంత రికార్డు ధర అని, కొన్న వ్యాపారి పేరు వస్తది. కాంటా కాడ పొద్దంత నిలబడి తూకం రాసే దడువాయి పేరు ఎన్నడన్న వచ్చిందా? రాదు. ఒక్క బస్తాకు కిలో తేడా రానీ, పది మంది మీదికొస్తరు, అప్పుడు అందరికీ వాని పేరు, వాళ్ళూరి పేరు, అన్నీ తెల్వాలె. నేను ముప్పై ఏండ్ల సంది వాళ్ళ మీద బతికిన, మా నాయిన కాలం నుంచి, మళ్ళ నా కొడుకు అసొంటి పని చేస్తుంటే నామోషీ అనుకున్న.

అయినా ఇంకో డౌట్ ఉండె. మావోడు పొట్టి. మా వంశమే పొట్టి. బ్యాక్ అంటే ఆరడుగులు ఉండాలె కద, కార్నర్ వస్తే తలతోని ఎట్ల కొడుతడు? సారు ఫోన్ తీసి ఒక ఫోటో చూపెట్టిండు, ఫాబియో కన్నవారో, ఇటలీ, ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు, సెంటర్ బ్యాక్, అదే స్టాపర్. 2006 వరల్డ్ కప్పు కెప్టెన్ ఈయనే, ఏడు మ్యాచ్‌లల్ల ఇటలీకి పడ్డ గోల్స్ మొత్తం రెండే. ఏటా ప్రపంచంల మేటి ఆటగానికి ఇచ్చే బాలన్ డోర్ కూడ ఆ ఏడు ఈయనకే ఇచ్చిండ్రు, ఆ తర్వాత ఇప్పటిదాక ఇంకో డిఫెండర్‌కు రాలే, 2019ల హాలండ్ బ్యాక్ వాన్ డైక్ ఒక్కడు దగ్గరికొచ్చి ఏడు పాయింట్లతోని మెస్సీ ఎనక పడ్డడు. మావోడు మెస్సీ ఫ్యాన్ కాబట్టి ఈ ముచ్చట చెప్తే "మంచిగైంది" అన్నడు, ఏం చేస్తం.

సారు సొంత కథ ముక్కలు ముక్కలుగ తెల్సింది, ఒకటేసారి చెప్పే మనిషి కాదు. కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల పెరిగిండు, వాళ్ళ నాయిన లోకో షెడ్‌ల. ఫుట్‌బాల్ అంటే అక్కడ క్రికెట్ కంటే ముందునుంచి ఉన్న ఆట, డ్యూటీ దిగిన ఫైర్‌మెన్‌లు, గార్డులు పిల్లలతోని కలిసి ఆడేటోళ్ళంట, పెద్దోళ్ళు పిల్లగాళ్ళను బ్యాక్‌ల తోసేటోళ్ళు, అట్ల బ్యాక్ అయ్యిండు ఈయన. పదిహేడేండ్లకు హైదరాబాద్ పోయిండు, ఒక డిపార్ట్‌మెంట్ టీమ్, మొదలు స్టైపెండ్ మీద, తర్వాత స్పోర్ట్స్ కోటల కొలువు. పొద్దున ప్రాక్టీస్, పదకొండుకు ఆఫీస్, సాయంత్రం మళ్ళ ప్రాక్టీస్. ఒకసారి రాష్ట్రాల నడుమ ఆడే సంతోష్ ట్రోఫీ టీమ్‌ల తీసుకున్నరు, రెండు మ్యాచ్‌లు ఆడిండు. జెర్సీ నంబర్ 5.

ఇరవై ఏడేండ్లకు మోకాలు పోయింది. ఎవలు గుద్దలే, ఒక్కడే ఎగిరి దిగిండు, పాదం అట్లనే ఉన్నది, మోకాలు మలిగింది, లోపల టప్ అన్న సప్పుడు నాకే వినపడ్డదన్నా అంటడు. మొదలు చూసిన డాక్టర్ బెణికిందని కట్టు కట్టి పంపిండు, మూడు నెలలు ఆ కట్టుతోనే తిరిగి మళ్ళ గ్రౌండ్‌ల దిగితే ఇగ పూర్తిగ పోయింది. అప్పుడు ఎంఆర్ఐ తీస్తే లోపలి లిగమెంట్ మొత్తం తెగి ఉన్నది. ఆపరేషన్ అయ్యి నడుస్తున్నడు కానీ ఆట ఖతం.

ఇండియా టీమ్ బ్యాక్ సందేశ్ జింగన్‌ను చూపెట్టి చెప్తడు ఈ ముచ్చట పిల్లలకు. జింగన్‌కు కూడ 2019 అక్టోబర్‌ల ఇదే లిగమెంట్ తెగింది, ఆ సీజన్ మొత్తం పోయింది, కానీ సరిగ్గ వైద్యం అయ్యింది, తిరిగొచ్చి ఆడిండు, 2020ల అర్జున అవార్డు, 2021ల క్రొయేషియా క్లబ్బుకు పోయిండు, అక్కడ మళ్ళ దెబ్బలే, ఒక్క మ్యాచ్ ఆడకుండనే తిరిగొచ్చిండు, మళ్ళ బెంగళూరు, మళ్ళ గోవా. "బ్యాక్ ఆడేటోని కెరీర్ అంటే గిదే, పడుడు లేసుడు, లేసినప్పుడు ఎవలు చూడరు" అంటడు సారు, నవ్వుకుంటనే అంటడు. గందుకే ప్రాక్టీస్ మొదలు పెట్టే ముందు, అయిపోయినంక ఎగిరి దిగుడు మీద పది నిమిషాలు ఖర్చు పెడుతడు, రెండు కాళ్ళ మీద దిగాలె, మోకాళ్ళు లోపలికి పోవద్దు, మెత్తగ దిగాలె, సప్పుడు రావద్దు. పేరెంట్స్‌ల కొందరు "ఇది పీటీ క్లాసా" అని గులుగుతరు. ఆయన మోకాలు మీది గాటు చూసినోళ్ళు గులుగరు.

పైసల ముచ్చట కూడ అడిగిన, అడ్తిదారును కద. బ్యాక్ ఆడితే భవిష్యత్తు ఉంటదా సారూ? దాచుకోకుండ చెప్పిండు. ఐఎస్ఎల్ల, అంటే మన దేశంల పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌ల, ఆడేటోళ్ళకు మంచిగనే ఉంటది కానీ అదీ గాలిల దీపమే, హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిల కేరళను పెనాల్టీలల్ల కొట్టి కప్పు గెలిస్తే మనోళ్ళంత ఎగిరినం, మూడేండ్లు తిరిగే వరకు క్లబ్బే ఢిల్లీకి పోయింది, ఇప్పుడు మన రాష్ట్రానికి ఆ లీగ్‌ల టీమే లేదు. మిగిలింది డిపార్ట్‌మెంట్ టీమ్‌లు, స్పోర్ట్స్ కోట. "చదువు బంద్ పెట్టమని నేను ఒక్క పిల్లగానికి చెప్పన్నా" అన్నడు. కోచింగ్ నడిపేటోడు ఇట్ల మాట్లాడుడు నేను మొదటిసారి చూసిన, వేరేటోళ్ళు అయితే మీవోడు ఇండియాకు ఆడుతడు అని ఏడాది ఫీజు గుంజుతరు. నాకు అనుభవమే.

ఇగ సెల్ఫ్ గోల్. నాలుగో నెల, ఈడనే హన్మకొండల ఒక స్కూల్ టీమ్‌తోని మ్యాచ్, 1-1 మీద నడుస్తున్నది, ఆఖరి నిమిషం, పక్కకెళ్ళి గట్టిగ బాల్ వచ్చింది, మావోడు కాలు అడ్డం పెట్టిండు, అది తిరిగి మా గోల్లనే పడ్డది. అవతలి పిల్లలు ఎగురుతున్నరు. మావోడు గడ్డి మీద కూసున్నడు, లేస్తలేడు. బండి మీద ఇంటికొచ్చేదాక మాట్లాడలే, బాపమ్మ సర్వపిండి పెడితే తినలే, తెల్లారి ప్రాక్టీస్‌కు రాను డాడీ అన్నడు. నాకు ఏం చెప్పాల్నో తెల్వలే, సారుకు ఫోన్ చేసిన.

సాయంత్రం ఇంటికే వచ్చిండు. చాయ్ తాగినంక ఫోన్ కవర్ ఎనకకెళ్ళి ఒక పేపర్ ముక్క తీసిండు, పచ్చబడ్డది, మడతల కాడ చినిగింది. ఎదుటి టీమ్ ఫార్వర్డ్ గోల్ కొట్టి చేతులు చాపి ఉరుకుతున్న ఫోటో. "ఇది ఎవలు సార్?" అన్నడు మావోడు. ఫార్వర్డ్ ఎనక, మూలకు, మోకాళ్ళ మీద కూసోని తల వంచిన ఒక మనిషి, మొకం కనపడది, వీపు మీద 5. "నా పద్నాలుగేండ్ల ఆటల పేపర్ల వచ్చింది గిదొక్కటే బిడ్డా." మావోడు చాన సేపు చూసిండు. తర్వాత సారు అడిగిండు, 2006ల ఇటలీకి రెండే గోల్స్ పడ్డయి అని చెప్పిన కద, అవి ఎవలు కొట్టిండ్రో తెల్సా? ఒకటి ఫైనల్ల ఫ్రాన్స్ జిదాన్ పెనాల్టీ. ఇంకోటి అమెరికా మీద మ్యాచ్‌ల, జక్కార్డో అని ఇటలీ బ్యాకే, తన గోల్ల తనే కొట్టుకున్నడు. "మరి కప్పు?" అన్నడు మావోడు. "ఇటలీకే వచ్చింది, ఆయనకు కూడ మెడల్ ఉన్నది." తెల్లారి ఐదింటికి అలారం కంటే ముందు లేసిండు పోరడు.

పోయిన నెల కరీంనగర్ల మ్యాచ్. వాళ్ళ రైట్ వింగ్ పోరడు మావోని కంటే జానెడు పొడుగు, మస్తు స్పీడ్, అప్పటికే ఇద్దరిని దాటేసిండు. మావోడు ఒక్కడే మిగిలిండు. నేను లైన్ బయట నిలబడి "పో, గుంజుకో" అని అరిచిన, ఆగలేక. వాడు పోలే. పక్కకు తిరిగిండు, మోకాళ్ళు వంచిండు, ఎనకకు, ఇంకా ఎనకకు. ఎదుటోడు కాలు ఊపిండు, వీడు కదల్లే. మళ్ళ ఊపిండు, కదల్లే. అట్ల తోలుకుంట తోలుకుంట కార్నర్ జెండా దాక తీస్కపోయిండు, ఇగ జాగ లేక ఆ పోరడే కొంచెం పెద్దగ తన్నుకున్నడు, బాల్ లైన్ దాటి పోయింది. గోల్ కిక్, బాల్ మాకే వచ్చింది. అంతే. ఎవలు చప్పట్లు కొట్టలే, కొట్టేదానికి ఏం జరగలే కద, చూసేటోళ్ళకు. సారు అవతలి దిక్కు నుంచి ఒక్కసారి చెయ్యి లేపిండు, మావోడు చూసిండు, తల ఊపిండు. మేం 1-0 గెలిచినం, గోల్ కొట్టిన పోరన్ని ఎత్తుకున్నరు. వచ్చేటప్పుడు బండి ఆపి మిర్చి బజ్జీలు తినుకుంట "వాడు కాలు ఊపినప్పుడు నువ్వు ఎందుకు పోలేదురా" అని అడిగిన. "బాల్ కదల్లే కద డాడీ" అన్నడు, బజ్జీ ఊదుకుంట.

ఇప్పుడు రాత్రిపూట ఇద్దరం పాత వీడియోలు చూస్తున్నం, మా ఇంటామెకు పరేషాన్. ఇటలీ బ్యాక్ పాలో మాల్దీని గురించి చూసినం మొన్న. 1985ల పదహారేండ్లకు మిలాన్ క్లబ్బుకు మొదటి మ్యాచ్, 2009 దాక ఒకటే క్లబ్బు, 902 మ్యాచ్‌లు. అన్నిటికంటే నాకు నచ్చిందేందంటే వాళ్ళ నాయిన చెజారే కూడ బ్యాకే, 1963ల లండన్‌ల మిలాన్ కెప్టెన్‌గ యూరోపియన్ కప్పు లేపిండు, సరిగ్గ నలభై ఏండ్లకు 2003ల మాంచెస్టర్ల కొడుకు అదే క్లబ్బుకు కెప్టెన్‌గ అదే కప్పు లేపిండు. మావోడు నా దిక్కు చూసి "నువ్వేం ఆడలే కద" అన్నడు. నిజమే.

సరే ఇగ తిట్లు. లైట్లు. ఎనిమిది లైట్లల్ల మూడు రావు, సాయంత్రం బ్యాచ్ ఆరున్నర దాటితే ఎడమ దిక్కు సగం చీకటి, ఆ దిక్కే మావోడు ఆడేది. ఓనర్‌కు ఐదు సార్లు చెప్పినం, రేపు అంటడు. క్రికెట్ బుకింగ్ వాళ్ళు రాత్రి తొమ్మిదింటికి వస్తే మాత్రం జనరేటర్ పెట్టి మరీ ఏస్తరు, ఎందుకంటే వాళ్ళు గంట లెక్కన ఇస్తరు. దోమలు, చెరువు దగ్గర కాబట్టి, వానకాలం ఓడోమాస్ రాసుకొని పోవుడే. పార్కింగ్ లేదు, రోడ్డు మీదనే, రెండు సార్లు నా బండి అద్దం పోయింది. టర్ఫ్‌ల ఏసే నల్ల రబ్బరు పలుకులు ఇంటి నిండ ఉంటయి, బూట్లల్ల, సాక్సులల్ల, ఒకసారి అన్నంల కూడ దొరికినయి, బూట్లు గేటు కాడనే దులుపుమని మా ఇంటామె బోర్డు రాసి పెట్టింది. నీళ్ళ క్యాన్ ఉంటది కానీ గ్లాసు ఒకటే, బాటిల్ మీరే పంపుండ్రి.

కొత్తగ చేర్పించేటోళ్ళు పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు కొనకుండ్రి, నేను కొని మోసపోయిన. ఈ టర్ఫ్ మీద అవి ఇరుక్కుంటయి, మోకాలికి డేంజర్ అని సారు లోపలికి రానియ్యడు. కింద చిన్న చిన్న రబ్బరు గుబ్బలు ఉండేటియి కావాలె, టర్ఫ్ షూ అని అడుగుండ్రి, వెయ్యి నుంచి పదిహేను వందలకు దొరుకుతయి. షిన్ ప్యాడ్స్ తప్పదు, అవి లేకుంటే ఆ రోజు బయట కూసోపెడుతడు, బతిమిలాడినా వినడు.

ఆడపిల్లలు కూడ వస్తరు, పొద్దటి బ్యాచ్‌ల నలుగురున్నరు, పోరలతోనే కలిపి ఆడిపిస్తడు. నిజామాబాద్ దిక్కు తండా నుంచి పోయిన సౌమ్య గుగులోత్ ఇండియాకు ఆడి క్రొయేషియాల డైనమో జాగ్రెబ్‌కు కూడ ఆడిందని ఆ పిల్లలకు నోటికి వచ్చు, ఆమె ఫార్వర్డ్ కాబట్టి సారు మా బ్యాక్ పోరలకు ఆ ముచ్చట చెప్పడు, వీళ్ళు మళ్ళ నన్ను ముందట పెట్టు అంటరని.

మీ పోరడు తొందర్ల గోల్స్ కొట్టాలె, వాట్సాప్ స్టేటస్ పెట్టుకోవాలె అనుకుంటే ఈడ చేర్పించకుండ్రి, రెండు నెలల్ల మానిపిస్తరు, సారు టైం ఖరాబ్. నాలుగు స్టార్లు ఇస్తున్న. ఐదోది లైట్ల దగ్గర ఆపిన, ఆ మూడు లైట్లు ఏసిన రోజు వచ్చి మారుస్త, ఓనర్ సాబ్ చదువుతుండ్రనే అనుకుంటున్న.